దూరాన నిలిచి... అడవిని చూపించి
* వన్యప్రాణి ఛాయాగ్రహణానికి బాటలు వేసిన ఎం.కృష్ణన్
* రంగుల ఫిల్ము వచ్చినా నలుపు తెలుపులనే నమ్ముకున్న దీక్ష
* 46 ఏళ్లు ఆగని కలం

సూళ్లూరుపేట: శీతకాలం వచ్చిందంటే నేలపట్టు చెరువు గట్టున పొడవాటి లెన్సుల సందడి మొదలవుతుంది. కడప చెట్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతులను చిత్రీకరించేందుకు చెన్నై నుంచి, నెల్లూరు నుంచి ఔత్సాహికులు తరలివస్తారు. వీరికంటే ఎన్నో ఏళ్ల ముందే, ఇంతటి పరికరాలు లేని రోజుల్లో, బరువైన కెమెరా మోసుకుంటూ దక్షిణాది అడవులన్నీ తిరిగిన వ్యక్తి ఒకరున్నారు. ఆయనే ప్రకృతి శాస్త్రవేత్త, రచయిత, ఛాయాగ్రాహకుడు మాధవయ్య కృష్ణన్.

రచయిత ఇంట పుట్టి...
కృష్ణన్ 1912 జూన్ 30న తిరునెల్వేలిలో జన్మించారు. తండ్రి ఎ.మాధవయ్య తమిళ నవలా సాహిత్యానికి ఆద్యుల్లో ఒకరు. ఎనిమిది మంది సంతానంలో కృష్ణన్ చివరివారు. 1925లో తండ్రి మరణించే నాటికి ఆయన వయసు పదమూడేళ్లే. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతుండగా వృక్షశాస్త్ర ఆచార్యులు ఫైసన్ వెంట నీలగిరి, కొడైకెనాల్ కొండలకు వెళ్లేవారు. అడవితో అనుబంధం అక్కడే బలపడింది. న్యాయశాస్త్రంలో పట్టా పొందినా ఆ వృత్తిలో స్థిరపడలేదు. చిన్నచిన్న కొలువులు చేస్తూ, పత్రికలకు బొమ్మలు వేస్తూ, వ్యాసాలు రాస్తూ కాలం గడిపారు.

బళ్లారి సీమలో ఏడేళ్లు
1942లో బళ్లారి సమీపంలోని సండూరు సంస్థానంలో ఉద్యోగం లభించింది. ఉపాధ్యాయుడిగా, న్యాయాధికారిగా, ప్రచార అధికారిగా, రాజావారి రాజకీయ కార్యదర్శిగా అక్కడ పలు బాధ్యతలు నిర్వహించారు. తెలుగు, కన్నడ పలుకులు కలగలిసిన ఆ సీమ కొండల్లోనే పక్షులనూ, జంతువులనూ తీరిగ్గా పరిశీలించే అవకాశం దొరికింది. 1949లో సంస్థానం విలీనం కావడంతో ఆ కొలువు ముగిసింది. మరో ఉద్యోగం వెతుక్కోకుండా మద్రాసు చేరి, కలాన్నీ కెమెరానూ నమ్ముకుని జీవించాలని నిశ్చయించుకున్నారు. నెలసరి జీతం లేని ఆ నిర్ణయం సామాన్యమైనది కాదు.

సొంత కూర్పు కెమెరా
అడవి జంతువును చిత్రీకరించాలంటే దగ్గరికి వెళ్లరాదు, వెళ్తే అది పారిపోతుంది లేదా మీదికి వస్తుంది. దూరాన్ని దగ్గర చేసేది టెలిఫొటో లెన్సు. 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై మామూలు 50 మిల్లీమీటర్ల లెన్సుతో పోలిస్తే 400 మిల్లీమీటర్ల లెన్సు ప్రాణిని ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపుతుంది. చేతి వణుకు కూడా అంతే పెద్దదై కనిపిస్తుంది. అందుకే అలాంటి లెన్సును చేతబట్టి తీసేటప్పుడు షట్టరు వేగం సెకనులో 400వ వంతుకు తగ్గరాదన్నది ఛాయాగ్రాహకులు పాటించే లెక్క. చెట్ల నీడలో అంత వేగానికి వెలుతురు చాలదు. ఆనాటి ఫిల్ముకు గ్రహణశక్తి తక్కువ. తీసిన చిత్రం ఎలా వచ్చిందో ఇంటికి వెళ్లి కడిగితే తప్ప తెలియదు.

ఈ కష్టాలకు కృష్ణన్ తనదైన మార్గం కనుగొన్నారు. వేర్వేరు కంపెనీల కెమెరా భాగాలనూ, టెలిఫొటో లెన్సునూ తానే జతచేసి ఒక భారీ పరికరాన్ని కూర్చుకున్నారు. దాని బరువును తలచి సరదాగా ‘సూపర్ పాండెరోసా’ అని పేరు పెట్టారు. కాలినడకన, ఒక్కోసారి మచ్చిక ఏనుగు మీద ఎక్కి ముదుమలై, బందీపూర్, పెరియార్ అడవుల్లో ఏనుగులను, అడవిదున్నలను చిత్రీకరించారు. రంగుల ఫిల్ము అందుబాటులోకి వచ్చాక కూడా నలుపు తెలుపులను వీడలేదు. ఫిల్ము కడగడం, చిత్రాలను పెద్దవి చేయడం స్వయంగా చేసుకునేవారు.

అందం కాదు, ఆధారం
కృష్ణన్ దృష్టిలో ఛాయాచిత్రం గోడకు వేలాడదీసే అలంకారం మాత్రమే కాదు, ఆ ప్రాణి ఎలా బతుకుతోందో చెప్పే సాక్ష్యం. 1968లో లభించిన జవహర్‌లాల్ నెహ్రూ ఫెలోషిప్‌తో ద్వీపకల్ప భారతంలోని పెద్ద క్షీరదాల స్థితిగతులను అధ్యయనం చేశారు. ఆ ఫలితాలను బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1975లో గ్రంథంగా వెలువరించింది. 1970లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. విదేశీ చెట్లను తెచ్చి మన నేలపై నాటడాన్ని ఆయన నిర్మొహమాటంగా విమర్శించేవారు. దేశవాళీ వృక్షాలు ఉంటేనే దేశవాళీ ప్రాణులు నిలుస్తాయన్నది ఆయన వాదన.

‘స్టేట్స్‌మన్’ పత్రికలో 1950లో ప్రారంభించిన ప్రకృతి శీర్షికను 46 ఏళ్ల పాటు కొనసాగించారు. 1996 ఫిబ్రవరి 18న మద్రాసులో కన్నుమూశారు. ఆయన తీసిన చిత్రాలు మరణానంతరం, 2006లో గ్రంథరూపం దాల్చాయి.

నేటి తరానికి పాఠం
నేడు డిజిటల్ కెమెరాలతో క్షణంలో పదుల కొద్దీ చిత్రాలు తీయవచ్చు. బాగోలేనిది అక్కడికక్కడే చెరిపేయవచ్చు. అయినా మరికాస్త దగ్గరగా తీయాలనే ఆరాటం తగ్గడం లేదు. గూళ్ల చెంతకు మనుషులు వెళ్తే తల్లి పక్షులు లేచిపోతాయి. ఆ కొద్దిసేపట్లోనే గుడ్లు ఎండకు మాడిపోవచ్చు, కాకుల పాలు కావచ్చు. ఒక్క చిత్రం కోసం ఒక గూడు పాడవడం ఏపాటి న్యాయమో ఆలోచించాలి. చెరువు గట్టున ట్రైపాడ్ బిగించే ప్రతి యువకుడూ కృష్ణన్ పేరును ఒక్కసారి తలచుకోవడం మంచిది. టెలిఫొటో లెన్సు పుట్టిందే దూరంగా ఉండటానికి. ఆ మర్యాదను ఆయన జీవితాంతం పాటించారు.