ఇంజనీరింగు కాలేజీ గడప తొక్కని ఇంజనీరు

సావనీరుకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు నాకు మొదట తట్టిన పేర్లు మీ అందరికీ తట్టేవే. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి మీద, ఐన్‌స్టీన్ మీద రాసే మిత్రులు ఎలాగూ ఉంటారు. నేను మాత్రం మన ప్రాంతంలో ఎక్కువమంది వినని పేరు ఒకటి ఎంచుకున్నాను. ఆయన ఫ్రెడ్ డ్యూసెన్‌బర్గ్. ఒకప్పుడు అమెరికాలో కార్లంటే ఇష్టమున్న ప్రతివాడికీ ఆయన పేరు తెలుసు. ఎందుకంటే ఆ దేశంలో తయారైన కార్లన్నిటిలోకీ గొప్పదానికి ఆయన ఇంటిపేరే పెట్టారు.

నాకీ ఆసక్తి ఎలా పుట్టిందో ముందు చెప్పాలి. లైబ్రరీలో పాత మోటారు పుస్తకం ఒకటి తిరగేస్తుంటే ఒక ఇంజను బొమ్మ దగ్గర చెయ్యి ఆగిపోయింది. వరసగా ఎనిమిది సిలిండర్లు. ఒక్కో సిలిండరుకు నాలుగు వాల్వులు. పైన రెండు క్యామ్‌షాఫ్టులు. ఇవన్నీ మనం క్లాసులో ఆధునిక ఇంజన్ల గురించి చెప్పుకునే లక్షణాలు కదా! కింద సంవత్సరం చూస్తే 1928 అని ఉంది. దీన్ని గీసిన మనిషి ఏ యూనివర్సిటీలో చదివాడా అని వెతుక్కుంటూ పోయాను. తీరా చూస్తే ఆయన చదువంతా సైకిళ్ల దగ్గర, పొలం యంత్రాల దగ్గర సాగింది.

ఫ్రెడ్ 1876 డిసెంబరు 6న జర్మనీలోని లిప్పె ప్రాంతంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పెద్దన్న ముందుగా అమెరికా వెళ్లి కాస్త నిలదొక్కుకుని, 1885లో తల్లినీ తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ రప్పించుకున్నాడు. అప్పటికి ఫ్రెడ్‌కు ఎనిమిదేళ్లు. అయోవా రాష్ట్రంలో రాక్‌ఫర్డ్ అనే చిన్న ఊరు వాళ్లకు ఇల్లయింది. పదిహేడేళ్లు వచ్చేసరికి కుర్రవాడు వ్యవసాయ యంత్రాలు బాగుచేసే పనిలో ఉన్నాడు. తరవాత సైకిళ్లు తయారు చెయ్యడం మొదలుపెట్టాడు. తయారుచేసి ఊరుకోలేదు, తన సైకిలు తానే ఎక్కి పందాల్లో తొక్కి రికార్డులు కొట్టాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. తాను చేసిన వస్తువును తానే ప్రాణాలొడ్డి పరీక్షించుకోవడం ఆయనకు చివరిదాకా పోని అలవాటు.

ఆయన వెంట ఎప్పుడూ నీడలా ఉన్నవాడు తమ్ముడు ఆగస్టు. ఇంట్లో ఆగీ అనేవారు. అన్న కాగితం మీద గీస్తే తమ్ముడు ఇనుములో చూపించేవాడు. స్థూలంగా ఇదీ వాళ్లిద్దరి పని విభజన.

1906లో డి మోయిన్ నగరంలో మేసన్ అనే లాయరు పెట్టుబడి పెట్టగా, ఫ్రెడ్ రెండు సిలిండర్ల కారు ఒకటి తయారుచేసి దానికి ఆ లాయరుగారి పేరే పెట్టాడు. తరవాత ఆ కంపెనీ బట్టలుతికే యంత్రాలకు పేరుపడ్డ మేటాగ్ చేతికి పోయింది. 1913లో అన్నదమ్ములిద్దరూ మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగరంలో సొంత పేరుతో కంపెనీ పెట్టుకున్నారు. మరుసటి సంవత్సరం ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెంలో వాళ్ల కారు పదో స్థానంలో వచ్చింది. దాన్ని నడిపిన ఎడ్డీ రికెన్‌బ్యాకర్ తరవాత మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక వీరుడిగా ప్రసిద్ధికెక్కాడు. యుద్ధకాలంలో అన్నదమ్ములు న్యూజెర్సీలోని ఎలిజబెత్‌లో విమానాల ఇంజన్లు చేశారు. బుగాటీ రూపొందించిన పదహారు సిలిండర్ల ఇంజను అక్కడ వాళ్ల చేతుల్లో పడింది. ఎనిమిది సిలిండర్లు ఒకే వరసలో పేర్చితే యంత్రం ఎంత మెత్తగా తిరుగుతుందో ఆ పనిలో ఫ్రెడ్‌కు బాగా తెలిసొచ్చిందని నా అభిప్రాయం.

1920 ఏప్రిల్‌లో డేటోనా సముద్రతీరాన రెండు ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు పక్కపక్కన బిగించిన డ్యూసెన్‌బర్గ్ కారును టామీ మిల్టన్ గంటకు 156 మైళ్ల వేగంతో నడిపాడు. పరుగులో కారుకు మంటలంటుకుంటే నేరుగా సముద్రపు నీళ్లలోకి తోలి ఆర్పుకున్నాడట. అంతర్జాతీయ సంస్థ ఆ రికార్డును గుర్తించకపోయినా అంత వేగం నేల మీద అంతవరకు ఎవరూ చూడలేదు.

అసలైన ఘనత 1921లో దక్కింది. ఆ ఏడాది జూలైలో ఫ్రాన్సులో ల మాన్ దగ్గర గ్రాండ్ ప్రీ పందెం. యూరపు వాళ్ల గడ్డ మీద అమెరికా కార్లను పెద్దగా లెక్కచేసేవారు లేరు. పైగా ప్రాక్టీసులో కారు బోల్తాపడి డ్రైవరు జిమ్మీ మర్ఫీ పక్కటెముకలు దెబ్బతిన్నాయి. ఒంటి నిండా కట్లతోనే ఆయన పందెంలో కూర్చున్నాడు. రోడ్డు చితికిపోయి రాళ్లు తూటాల్లా లేచాయి. చివర్లో రాయి తగిలి రేడియేటరు చిల్లిపడింది, టైరు పంక్చరైంది. అయినా మర్ఫీయే గెలిచాడు. అమెరికా కారులో అమెరికా డ్రైవరు యూరపులో గ్రాండ్ ప్రీ గెలవడం అదే మొదలు. మళ్లీ అటువంటి గెలుపు కోసం ఆ దేశం 46 ఏళ్లు, అంటే 1967లో డాన్ గర్నీ బెల్జియంలో గెలిచేదాకా ఆగాల్సివచ్చింది.

ఆ గెలుపు రహస్యం వేగంలో కన్నా ఆపడంలో ఉంది. మిగతా కార్లకు కడ్డీలతో, తీగలతో పనిచేసే బ్రేకులు. వాటితో నాలుగు చక్రాలకూ సమానమైన ఒత్తిడి రావడం కష్టం. ఒక చక్రం ముందు పట్టుకుంటే కారు పక్కకు లాగేస్తుంది. ఫ్రెడ్ కారుకు ద్రవంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులున్నాయి. మనం ఇంటర్మీడియట్‌లో చదివిన పాస్కల్ సూత్రమే! మూసివున్న ద్రవం మీద ఒకచోట ఒత్తితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పోతుంది. కాలితో ఒక్కసారి నొక్కితే నాలుగు చక్రాలూ కలిసి పట్టుకుంటాయి. కాబట్టి మలుపు దగ్గర ఎదుటివాడు బ్రేకు వేసిన తరవాత కూడా మర్ఫీ ఇంకాస్త దూరం దూసుకుపోగలిగాడు. పరీక్ష కోసం మనం బట్టీపట్టే సూత్రంతో ఆయన ఒక దేశానికి గెలుపు తెచ్చిపెట్టాడన్నమాట.

ఇండియానాపొలిస్‌లో 1924, 1925, 1927 సంవత్సరాల్లో డ్యూసెన్‌బర్గ్ కార్లే గెలిచాయి. 1925లో పీట్ డిపాలో సగటున గంటకు 101 మైళ్ల వేగంతో ఆ పందేన్ని వంద దాటించిన మొదటివాడయ్యాడు.

ఇంతవరకు వింటే ఆయనకు అంతా విజయమే అనిపిస్తుంది. కాని ఇక్కడే అసలు కథ ఉంది. పందాల్లో గెలిచిన మనిషి బజారులో ఓడిపోయాడు. మామూలు రోడ్ల కోసం తయారుచేసిన మోడల్ ఏ కారును 1920 చివర్లో న్యూయార్కులో జనానికి చూపించారు. ఆర్డర్లు వచ్చాయి. కాని ఇంజను ఫ్రెడ్‌కు నచ్చలేదు. మళ్లీ గీశాడు, మళ్లీ మార్చాడు. కార్లు కొన్నవాళ్ల చేతికి అందేసరికి ఏడాది పైనే అయింది. అమెరికాలో వరస ఎనిమిది సిలిండర్లతో అమ్మకానికొచ్చిన మొదటి కారు అదే. నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు అక్కడ అమ్మకం కారుకు రావడం కూడా దానితోనే మొదలు. అయితేనేం? ఐదారేళ్లలో అమ్ముడుపోయినవి సుమారు 650. 1924లో కంపెనీ దివాలా అంచుకు చేరి కోర్టు నియమించిన రిసీవరు చేతిలోకి వెళ్లింది. సరుకు మంచిదైతే చాలదు, సమయానికి ఇవ్వాలి, లెక్క చూసుకోవాలి అనే పాఠం ఆయనకు ఎప్పుడూ వంటబట్టలేదు.

1926లో ఎరెట్ లోబన్ కార్డ్ అనే యువ వ్యాపారి ఆ కంపెనీని కొన్నాడు. ఆయన ఫ్రెడ్‌ను అడిగింది ఒక్కటే. ఖర్చుకు వెనకాడకుండా ప్రపంచంలోకెల్లా గొప్ప కారు తయారుచెయ్యమన్నాడు. జీవితమంతా ఈ మాట కోసమే ఎదురుచూసిన మనిషికి ఇంకేం కావాలి? 1928 డిసెంబరు 1న న్యూయార్కు ప్రదర్శనలో మోడల్ జె బయటికొచ్చింది. లైబ్రరీలో నేను చూసిన బొమ్మ దానిదే. సిలిండరు వ్యాసం 3.75 అంగుళాలు, స్ట్రోకు 4.75 అంగుళాలు, మొత్తం 420 ఘనపు అంగుళాలు, అంటే దాదాపు 6.9 లీటర్లు. కంపెనీ చెప్పిన శక్తి 265 అశ్వశక్తి. ఆ రోజుల్లో అమెరికాలో మరే కారూ దాని దరిదాపుల్లోకి రాలేదు. క్రాంక్‌షాఫ్టు అదురు తగ్గించడానికి పాదరసం నింపిన గొట్టాలు బిగించాడు. ఆయిలు మార్చే వేళయిందనీ, బ్యాటరీలో నీళ్లు చూసుకోమనీ డాష్‌బోర్డు మీద దీపాలు వెలిగేవి. స్పీడోమీటరు 150 మైళ్ల దాకా ఉండేది.

బాడీ లేకుండా ఛాసిస్ ధరే 8,500 డాలర్లు. ఫోర్డు కారు పూర్తిగా ఐదొందల డాలర్లకు కాస్త అటూఇటూగా దొరుకుతున్న కాలమది. పైగా ఏడాది తిరక్కుండానే, 1929 అక్టోబరులో అమెరికా షేర్ల మార్కెట్టు కుప్పకూలింది. రొట్టె కోసం జనం వరసల్లో నిలబడ్డ ఆ రోజుల్లో ఈ కారు కొన్నవాళ్లు సినిమా తారలు, కోటీశ్వరులు, రాజులు. మన ఇండోర్ మహారాజు రెండో యశ్వంతరావు హోల్కర్ కూడా ఒకటి తెప్పించుకున్నాడు. 1935 నాటి ఆ కారుకు లండన్‌లో గర్నీ నటింగ్ కంపెనీ బాడీ కట్టింది.

ఈ వ్యాసం చదివి వినిపించినప్పుడు హాస్టల్లో నా రూమ్మేటు ఒక ప్రశ్న వేశాడు. ఆకలి కాలంలో ధనవంతుల విలాసానికి బండి చేసినవాణ్ని మహనీయుడనడం ఏమిటని. ఆ ప్రశ్నను నేను కొట్టిపారెయ్యలేను. కారు కొన్నవాళ్లను పొగడ్డానికి నేనీ వ్యాసం రాయలేదు. కాని ఆ బ్రేకు ఆనాడు రాజుల కారుకుంటే ఈనాడు మన ఊరి టాక్సీకీ ఉంది. ఆ నాలుగు వాల్వులు ఇవాళ చిన్నకారుకూ ఉన్నాయి. మొదట ఎవరో ఒకరు డబ్బు లెక్కచూడకుండా చేసి చూపిస్తే గాని తరవాతివాళ్లు చవగ్గా చెయ్యడం నేర్చుకోరేమో. నా రూమ్మేటు దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. అదీ మంచిదే.

1932లో ఫ్రెడ్ ఇంజనుకు సూపర్‌ఛార్జరు తగిలించాడు. క్రాంక్‌షాఫ్టుకు ఐదారు రెట్లు వేగంగా తిరిగే చక్రం ఒకటి గాలిని సిలిండర్లలోకి బలవంతంగా తోస్తుంది. ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు, ఎక్కువ శక్తి. 320 అశ్వశక్తి వచ్చింది. దానికి ఎస్‌జె అని పేరు. ఆ జూలై 2న అటువంటి కారునే తాను నడుపుకుంటూ న్యూయార్కు నుంచి ఇంటికి బయలుదేరాడు. పెన్సిల్వేనియా కొండల్లో, తడిసిన రోడ్డు మీద కారు పట్టుతప్పింది. గాయాల నుంచి కోలుకుంటున్నాడని అందరూ అనుకుంటుండగా న్యుమోనియా వచ్చి జూలై 26న కన్నుమూశాడు. యాభై ఆరేళ్లు కూడా నిండలేదు. ప్రపంచానికి మంచి బ్రేకులు ఇచ్చినవాణ్ని తడిరోడ్డు మీద ఏ బ్రేకూ కాపాడలేకపోయింది.

మిగిలిన పని తమ్ముడు ఆగీ అందుకున్నాడు. ఆయన మెరుగుపరచిన ఇంజనుతో 1935లో యూటా ఉప్పునేలల మీద ఆబ్ జెంకిన్స్ 24 గంటల పాటు సగటున 135 మైళ్ల వేగంతో నడిపాడు. అదే ఏడాది ఛాసిస్‌ను 125 అంగుళాల వీల్‌బేసుకు కుదించి, దాదాపు 400 అశ్వశక్తి ఇంజను బిగించి రెండే రెండు స్పోర్ట్సు కార్లు చేశారు. వాటిని ఎస్‌ఎస్‌జె అంటారు. ఒకటి గ్యారీ కూపర్ దగ్గరికి, మరొకటి క్లార్క్ గేబుల్ దగ్గరికి వెళ్లాయి. 1937లో కంపెనీ మూతపడింది. మోడల్ జె కార్లు అన్ని రకాలూ కలిపి తయారైనవి 480 పైచిలుకు మాత్రమే. 2018 ఆగస్టులో గ్యారీ కూపర్ కారు కాలిఫోర్నియా వేలంలో 2 కోట్ల 20 లక్షల డాలర్లకు పోయింది. అప్పటివరకు ఏ అమెరికా కారుకూ వేలంలో అంత ధర పలకలేదు. బతికినన్నాళ్లూ డబ్బు లెక్క కుదరని మనిషి పేరుకు ఆ ధర!

మిత్రులారా, కాలేజీలు అనవసరమని చెప్పడానికి నేనీ కథ ఎత్తుకోలేదు. డిగ్రీ కోసమే మనం ఇక్కడికి వచ్చాం, నేనూ వచ్చాను. కాని వర్క్‌షాపులో ఆకురాయితో ఇనపముక్క రుద్దుతున్నప్పుడు, ఎప్పుడు గంట కొడతారా అని గడియారం వైపు చూసేవాణ్ని. ఇప్పుడు ముందు ముక్క వైపు చూస్తున్నాను. కొలత కాస్త తప్పితే, మార్కులు పడతాయని తెలిసినా, మళ్లీ మొదలుపెడుతున్నాను. అంత పట్టుదల వల్లే ఫ్రెడ్ కంపెనీ పోగొట్టుకున్నాడన్నదీ మరిచిపోలేదు. రెండింటికీ మధ్య గీత ఎక్కడ గియ్యాలో నాకింకా తేలలేదు. తేలినవాళ్లెవరైనా మన పూర్వ విద్యార్థుల్లో ఉంటే, వచ్చే ఏటి సావనీరులో రాయవలసిందిగా కోరుతున్నాను.