గురి చూపించి వెళ్ళిపోయిన లెనిన్

కృష్ణా డెల్టాలో ఒక తరం తల్లిదండ్రులు పిల్లలకు లెనిన్, స్టాలిన్, వోల్గా అని ప్రేమగా పేర్లు పెట్టుకున్నారు. విజయవాడ చెరుకూరి సత్యనారాయణ గారింట్లో వోల్గా, లెనిన్ పుట్టారు. 2004లో రోడ్డు ప్రమాదం వోల్గాను తీసుకుపోయింది. ఆమె పేరు మీద నడిచిన వోల్గా ఆర్చరీ అకాడమీలో లెనిన్ పిల్లల చేత విల్లు పట్టించాడు. తానూ ఆర్చరే. ఆడే వయసులోనే కోచ్ అయ్యాడు.

ఆ నిర్ణయం చిన్నది కాదు. ఆటగాడికి పతకం మీద ఆశ ఉంటుంది, చప్పట్లు ఉంటాయి. కోచ్ బాణాలు వేసే గీత వెనక నిలబడాలి. జట్టు పోటీలో ఒక్కో విడతలో ముగ్గురు ఆర్చర్లు కలిసి రెండు నిమిషాల్లో ఆరు బాణాలు వేయాలి. ఎవరు ముందు, ఎవరు తర్వాత, గాలి ఎటు మళ్ళింది, ఎంత సమయం మిగిలింది అన్నీ కోచే చూసుకోవాలి. బాణం మాత్రం వాళ్ళదే.

2010 అక్టోబరులో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలు. ఆ క్రీడల చరిత్రలో 1982 బ్రిస్బేన్ తర్వాత ఆర్చరీ ఉన్నది ఢిల్లీలో మాత్రమే. లెనిన్ కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) జట్టు కోచ్. రీతుల్ ఛటర్జీ, చిన్నరాజు శ్రీధర్, మన తెలుగు కుర్రాడు చిట్టిబొమ్మ జిజ్ఞాస్ ఫైనల్ దాకా వెళ్ళి, ఇంగ్లండ్ చేతిలో ఓడి రజతం తెచ్చారు. ఒలింపిక్స్‌లో లేని కాంపౌండ్‌ను మన దగ్గర పట్టించుకున్నవాళ్ళు అప్పట్లో తక్కువ. నా దృష్టిలో ఆ రజతం దేశంలో కాంపౌండ్‌కు దొరికిన గట్టి పునాది.

పతకం సంబరం తీరనేలేదు. ఆ నెల దాటకముందే లెనిన్‌నూ రోడ్డు ప్రమాదమే బలి తీసుకుంది. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. ఆరేళ్ళ తేడాలో ఇద్దరు బిడ్డలు. ఆ తల్లిదండ్రులను ఏమని ఓదార్చగలం? అయినా సత్యనారాయణ గారు అకాడమీ మూయలేదు. ఆ ఇంట్లో తర్వాత పుట్టిన డాలీ శివాని మూడేళ్ళు నిండకుండానే బాణాలు వేసి రికార్డుల పుస్తకంలోకి ఎక్కింది. ఆ అకాడమీలోనే చిన్నప్పుడు విల్లు పట్టిన బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ పోటీలో నాలుగో స్థానం దాకా వెళ్ళాడు. కాంపౌండ్‌లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. వీటిలో ఒక్కటీ లెనిన్ చూడలేదు.

2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వస్తోంది. ఆ గీత మీద మన తెలుగు బిడ్డ నిలబడిన రోజున, ఇంట్లో టీవీ ముందున్న పిల్లలకు చెరుకూరి లెనిన్ ఎవరో చెప్పండి.