గాలిని చదివిన గురికాడు సర్ హెన్రీ హాల్‌ఫర్డ్

వెయ్యి గజాల దూరంలోని లక్ష్యాన్ని ఛేదించడానికి నిశితమైన చూపు, నిలకడైన చేయి మాత్రమే చాలవు. తూటా అక్కడికి చేరేందుకు సెకనుకు పైగా పడుతుంది. ఆలోగా పక్కగాలి దానిని కొన్ని అడుగుల మేర తప్పించగలదు. అందుకే నేటి జట్టు పోటీల్లో తుపాకీ పేల్చేది ఒకరైతే, జెండాల కదలికనూ ఎండమావుల వాలునూ దుర్భిణిలో గమనిస్తూ సవరణ చెప్పే విండ్ కోచ్ మరొకరు. ఈ ఉమ్మడి విద్య విలువను పరాజయం ద్వారా గ్రహించిన తొలితరం క్రీడాకారుల్లో బ్రిటన్‌కు చెందిన సర్ హెన్రీ సెయింట్ జాన్ హాల్‌ఫర్డ్ ఒకరు.

హాల్‌ఫర్డ్ 1828లో జన్మించారు. ఆయన తాత ఇంగ్లండ్ రాజవైద్యుడు. ఈటన్ పాఠశాలలో, ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాలలో చదివిన హాల్‌ఫర్డ్, లెస్టర్‌షైర్‌లోని విస్టో ఎస్టేట్‌కు వారసుడయ్యారు. స్వచ్ఛంద సైనిక దళానికి నాయకత్వం వహిస్తూ రైఫిల్ విద్యకు జీవితాన్ని అంకితం చేశారు.

ఇంజనీర్ విలియం ఎల్లిస్ మెట్‌ఫర్డ్‌తో ఆయన స్నేహం చిరకాలం సాగింది. 1857 తిరుగుబాటు కాలంలో ఈస్టిండియన్ రైల్వే ఉద్యోగిగా బీహార్‌లోని ముంగేర్‌లో ఉన్న మెట్‌ఫర్డ్, ఆరోగ్యం దెబ్బతిని స్వదేశానికి తిరిగి వెళ్లారు. ఆయన రూపొందించిన రైఫిళ్లను హాల్‌ఫర్డ్ పరీక్షించి, లోపాలను ఎత్తిచూపేవారు. ఒకరి గణితానికి మరొకరి అనుభవం తోడైంది.

1877 సెప్టెంబరులో హాల్‌ఫర్డ్ ఎనిమిది మంది సభ్యుల బ్రిటిష్ జట్టుతో న్యూయార్క్ సమీపంలోని క్రీడ్‌మూర్ మైదానానికి వెళ్లారు. 800, 900, 1000 గజాల దూరాల్లో రెండు రోజులు పోటీ జరిగింది. జట్టులో అందరూ ఆరితేరినవారే. అయినా అమెరికన్లు 3334 పాయింట్లు సాధించగా, బ్రిటన్ 3242 వద్ద ఆగిపోయింది. అమెరికన్ల చేతిలో వెనుక నుంచి తూటా నింపే రైఫిళ్లు ఉండటం ఒక కారణం. గాలి పోకడను ఒకరు గమనించిన వెంటనే తోటివారికి అందించే వారి జట్టు క్రమశిక్షణ మరో కారణం. ఎనిమిది మంది నిపుణులు వేరు, ఎనిమిది మందితో కూడిన జట్టు వేరని ఆ 92 పాయింట్ల తేడా చాటింది.

హాల్‌ఫర్డ్ వెనుదిరగలేదు. 1882లో మరో జట్టుతో అదే క్రీడ్‌మూర్‌కు వెళ్లి, సైనిక రైఫిళ్ల పోటీలో విజయంతో తిరిగి వచ్చారు. తన అనుభవసారాన్ని 1888లో గ్రంథస్థం చేశారు. అదే ఏడాది బ్రిటిష్ సైన్యం స్వీకరించిన లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్ గొట్టంలో ఆయన మిత్రుని రూపకల్పన చోటుచేసుకుంది.

1897 జనవరిలో హాల్‌ఫర్డ్ కన్నుమూశారు. ఆయన ఓడిన పాల్మా పోటీ నేటికీ కొనసాగుతోంది. అక్కడ ప్రతి తూటా వెనుక ఇద్దరి నమ్మకం ఉంటుంది. కాల్చేవారు గాలి సంగతి మరచిపోవాలి. గాలిని చూసేవారు ఫలితానికి బాధ్యత వహించాలి.