లాసా బాటలో నయిన్ సింగ్

కుమావూఁ కొండలకు ఉత్తరపు కొసన, హిమశిఖరముల నీడలో, జోహార్ లోయ కలదు. నయిన్ సింగ్ 1830లో అచ్చట జన్మించెను. బడిపంతులగుటచే ఆయనను జనులు పండితుడనిరి. ఆ కాలమున టిబెట్టు పరదేశీయులకు తలుపులు మూసికొనియుండెను. ఆంగ్లేయులు కాలుమోపజాలని ఆ దేశపు పటమును వ్రాయింపగోరి భారత సర్వే శాఖ 1863లో ఈ పంతులును ఎన్నుకొని, డెహ్రాడూనులో శిక్షణ నిప్పించెను.

ఆ శిక్షణ విచిత్రమైనది. మిట్టయైనను పల్లమైనను, అలసినను ఆకలిగొన్నను, అంగ 33 అంగుళములే యుండవలెను. నూరంగలకు జపమాలలో ఒక పూస జరుపవలెను. మాల యొకసారి తిరిగినచో పదివేల అంగలు, అనగా సుమారు 5 మైళ్ళు. జపమాలకు 108 పూసలుండుట లోకవిదితమే. ఆయన మాలకు నూరే యుండెను. ఆ యెనిమిది పూసల లోటును ఏ లామాయైనను కనుగొనెనేని ప్రాణమునకే ముప్పు. చేతి ప్రార్థనాచక్రములో మంత్రములకు మారుగా లెక్కల చీటీలు దాగియుండెను.

1865లో నేపాళపు సరిహద్దు దాటి కిరోంగు చేరగా అధికారులు అనుమానించి వెనుకకు మరలించిరి. ఆయన జడ ధరించి లడఖు వర్తకుని వేషమున తిరిగి వచ్చెను. లాసాకు పోనని, పోయినచో ప్రాణమే దండముగా చెల్లింతునని పత్రము వ్రాసి యిచ్చి ముందునకు సాగెను. వెన్నంటి భయమున్నను పరుగెత్తుటకు వీలులేదు. పరుగెత్తినచో అంగ మారును, లెక్క తప్పును. ఊపిరాడని కనుమలలో సైతము ఆ నడకయే నడచి 1866 జనవరిలో లాసా ప్రవేశించెను.

అచ్చట చేతి సొమ్ము తరిగిపోగా నేపాళ వర్తకులకు పద్దులు వ్రాయుట నేర్పి పొట్టపోసికొనెను. పంతులుగిరి మరల అక్కరకు వచ్చెనన్నమాట! రాత్రులయందు నక్షత్రముల యెత్తును కొలిచెను. నీరు మరుగు వేడినిబట్టి పట్టణపు టెత్తును లెక్కకట్టెను. ఇద్దరు కాశ్మీర ముసల్మాను వర్తకులు ఆయన వేషమును కనిపెట్టియు రహస్యమును కాపాడిరి. అనుమతిలేక వచ్చిన యొక చీనా దేశస్థుని శిరము బహిరంగముగా ఖండింపబడుట ఆయన కన్నులార చూచెను. ఒకనాడు తనచే పత్రము వ్రాయించుకొన్న కిరోంగు అధికారియే లాసా వీధిలో కానవచ్చెను. నాటినుండి బస మార్చి, బయటికి వచ్చుట తగ్గించెను గాని, కొలతలు మానలేదు. ఏప్రిలులో లడఖు వర్తకుల బిడారుతో బయలుదేరి, బ్రహ్మపుత్ర యెగువ తీరమున మానససరోవరమువరకు అంగలు లెక్కించుచునే వచ్చెను. దాదాపు 1200 మైళ్ళు. ఇరువదియైదు లక్షల అంగలు.

1874లో మరల లేహ్ నుండి బయలుదేరి లాసామీదుగా 1875లో అస్సాము చేరెను. ఈ యాత్ర ఆయన ఆరోగ్యమును హరించెను, చూపు మందగించెను. 1877లో లండనులోని రాయల్ భూగోళ సంఘము స్వర్ణపతకము నొసగెను. అంతవరకు సర్వే పత్రములలో ఆయన పేరు బయటపెట్టక పండితుడనియే వ్రాయుచుండిరి. దూరప్రయాణములు మానిన పిమ్మట ఆయన కొత్తవారిని చేరదీసి, అంగ తప్పక నడచుట నేర్పుచుండెను.