తండ్రి పేరిట పేట కట్టిన దొర

జగ్గయ్యపేట బస్టాండులో దిగే ప్రయాణికులను ఆ జగ్గయ్య ఎవరని అడిగితే చాలామంది సినిమా నటుడి పేరు చెబుతారు. కొంగర జగ్గయ్య గారిది తెనాలి ప్రాంతం. మన పేటకు పేరిచ్చిన జగ్గయ్య ఆయన కంటే రెండు శతాబ్దాల ముందువాడు. సొంతంగా ఊరు కట్టించేటంత కాలం ఆయన బ్రతకలేదు. కట్టించింది కొడుకు. తండ్రి ముఖమైనా సరిగా గుర్తుండని వయసులో తండ్రిని పోగొట్టుకున్న కొడుకు.

ఆ కొడుకే రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు. కృష్ణకు ఆవలి ఒడ్డున అమరావతి వారు ఆయనను తమ వాడంటారు. మంగళగిరి వారు గాలిగోపురం చూపించి తమ వాడంటారు. చేబ్రోలు వారికి చతుర్ముఖ బ్రహ్మ ఆలయం ఉంది. ఇటు జగ్గయ్యపేట, నందిగామ తాలూకాల వారు మాత్రం ఆయన పేరు అంతగా తలచుకోరు. నిజానికి నందిగామ పరగణా వాసిరెడ్డి వారి ఏలుబడిలోని ముఖ్య భాగం. మెట్ట ప్రాంతపు జొన్న చేల మీద, పత్తి చేల మీద వచ్చిన శిస్తు కూడా ఆ గోపురాల ఇటుకల్లో ఉందని మనవాళ్లు గుర్తుంచుకోవాలి.

రెండు ఒడ్లు, ఇద్దరు దొరలు

వేంకటాద్రి నాయుడు 1761లో పుట్టారు. తండ్రి జగ్గన్న. జనం నోట జగ్గయ్య. తల్లి అచ్చమ్మ. వంశానికి నివాసం కృష్ణ దక్షిణపు ఒడ్డున ఉన్న చింతపల్లి కోట. ఆ రోజులు ఎటువంటివో నేటి వారికి కొంత చెప్పాలి. 1766 తర్వాత ఉత్తరపు ఒడ్డు, అంటే కొండపల్లి సర్కారు, ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయింది. దక్షిణపు ఒడ్డున ఉన్న గుంటూరు సర్కారు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ కింద ఉండి, 1788లో గాని కంపెనీకి దక్కలేదు. వాసిరెడ్డి వారి భూములు రెండు ఒడ్ల మీదా ఉన్నాయి. ఏటికి ఇవతల ఒక దొరకు, అవతల ఇంకొక దొరకు లెక్క చెప్పాలి. ఈ రెండు కత్తుల మధ్య నడిచిన జమీందారులలో చాలామంది ఏదో ఒక కత్తికి బలైనవారే.

జగ్గయ్య గారి సంగతీ అంతే. నిజాం పక్షపు సైనికుల చేతిలో ఆయన హతులయ్యారని వంశ చరిత్ర చెబుతుంది. అచ్చమ్మ గారు సహగమనం చేశారు. అప్పటికి వేంకటాద్రి ఇంకా పసివాడు. ఒకేసారి తల్లీ తండ్రీ పోయారు. ఆ రోజుల్లో సహగమనాన్ని పుణ్యమని పొగిడేవారు. వెనుక మిగిలిన బిడ్డ గురించి ఎవరూ రాయలేదు. ఆ పిల్లవాడిని పినతండ్రి రామన్న గారు పెంచారు. 1783లో జమీ వేంకటాద్రి చేతికి వచ్చింది. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు.

జమీ చేతికి వచ్చిన తర్వాత ఆయన చేసిన పనులలో మనకు సంబంధించినది బేతవోలు పని. నేటి జగ్గయ్యపేట ఉన్న చోట అప్పటి ఊరు బేతవోలు. మచిలీపట్నం నుంచి హైదరాబాదుకు పోయే బాటకు అది అందుబాటులో ఉంది. బందరు రేవులో దిగిన సరుకు ఎడ్ల బండ్ల మీద నైజాం వైపు పోవాలంటే నందిగామ దాటి ఈ పక్కగానే పోవాలి. అటువంటి చోట వర్తకులను కూర్చోబెడితే ఊరు నిలుస్తుందని ఆయన ఆలోచన అయి ఉండాలి. పేట అనే మాటకు అర్థమే బజారు ఊరు. ఆ కొత్త ఊరికి పెట్టిన పేరు తండ్రిది. గుంటూరు జిల్లా వైపు తల్లి పేర అచ్చంపేట వెలిసింది. ఇద్దరి మధ్యా కృష్ణ పారుతోంది.

జమీందారులు తమ పేర ఊళ్లు కట్టుకోవడం మామూలు. వేంకటాద్రి నాయుడికి అంతటి అవకాశం ఉండి కూడా పెద్ద ఊళ్లకు తల్లిదండ్రుల పేర్లు పెట్టారు. గుడిలో శిలాశాసనం వేయిస్తే పూజారి చదువుతాడు. ఊరికి పేరు పెడితే కూరగాయల మనిషి దగ్గర నుంచి కలెక్టరు దాకా రోజూ పలుకుతారు.

ఇచ్చే చేయి

దాతృత్వంలో ఆయనకు వచ్చిన పేరు చిన్నది కాదు. తులాభారం తూగి బంగారం పంచిపెట్టారని, సత్రాలలో నిత్యం అన్నదానం జరిపించారని అమరావతి ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకొంటారు. ఇటువంటి కథల్లో ఏది ఎంత అన్నది తూకం వేసి చెప్పడం కష్టం. కళ్లకు కనిపించేవి మాత్రం కాదనలేనివి. మంగళగిరిలో 1807 నుంచి 1809 వరకు కట్టించిన పదకొండు అంతస్తుల గోపురం ఎత్తు 153 అడుగులు. విజయవాడ నుంచి గుంటూరు పోయే రైలులో కూర్చున్న వారికి నేటికీ ముందు కనిపించేది అదే. అమరావతిలో అమరేశ్వరాలయాన్ని పునర్నిర్మించారు. కవి పండితులకు ఆదరణ దొరికింది. దేవీ భాగవతాన్ని తెనిగించిన ములుగు పాపయారాధ్యులు ఆయన ఆస్థానంలోని వారు.

అయితే ఈ చేయి ఇచ్చే చేయి మాత్రమే కాదన్న సంగతి దాచడం న్యాయం కాదు. దోపిడీలు చేస్తున్నారని చెంచులను విందుకు పిలిపించి, వందల మందిని నరికించారన్న కథ అమరావతి చుట్టుపక్కల ఇంకా మరుగున పడలేదు. నరుకుళ్ళపాడు అనే ఊరి పేరును ఆ ఘోరంతోనే ముడిపెడతారు. ఆ తర్వాత అన్నం ముందు కూర్చుంటే మెతుకులు పురుగులుగా కనిపించాయని, ఆ పాపం పోగొట్టుకోవడానికే చింతపల్లి విడిచి అమరేశ్వరుని పాదాల దగ్గర చేరారని జనశ్రుతి. కంపెనీ వారి సిపాయిలతో పొసగక కోట మార్చారని ఇంకొక కథనం. రెండూ నిజం కావచ్చు. గుడుల మీద పెట్టిన డబ్బులో కొంత భక్తి, కొంత భయం, కొంత పశ్చాత్తాపం కలిసి ఉన్నాయని అనుకోవడంలో తప్పు లేదు. తండ్రిని కత్తికి పోగొట్టుకున్న మనిషి ఎందరి పిల్లలను తండ్రిలేని వారిని చేశాడో లెక్క లేదు. చెంచుల పక్షాన చరిత్ర రాసినవారు లేరు.

పాలరాతి సంగతి

అమరావతిలో కొత్త ఊరు కట్టడానికి రాయి కావలసి వచ్చింది. దగ్గరలో దీపాలదిన్నె అనే మట్టి దిబ్బ ఉంది. తవ్వితే తెల్లటి చెక్కడపు పలకలు బయటపడ్డాయి. అవి బౌద్ధ స్తూపానివని అప్పుడు ఎవరికీ తెలియదు. కొన్ని కట్టడాలకు పోయాయి. కొన్ని శివగంగ చెరువు మెట్లయ్యాయి. 1797లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ ఈ వింత విని వచ్చి చూశాడు. తర్వాత 1816 మొదలు తన మనుషులతో బొమ్మలు గీయించాడు. అమరావతి శిల్పం ప్రపంచానికి తెలిసిన దారి అది. ఊరు కట్టాలన్న నాయుడి పట్టుదల లేకపోతే ఆ దిబ్బ ఇంకెన్నాళ్లు మూసుకుని ఉండేదో. ఆ పట్టుదల వల్లనే ఎన్ని పలకలు సున్నమై పోయాయో కూడా చెప్పలేం.

తండ్రి పేర కట్టిన పేట పక్కన కూడా అటువంటి దిబ్బే ఉండడం విశేషం. దాన్ని మనవాళ్లు ధనంబోడు అంటారు. ధనం దొరుకుతుందన్న ఆశతో ఆ పేరు వచ్చి ఉంటుంది. 1882లో జేమ్స్ బర్జెస్ దానిని పరిశీలించి స్తూపమని తేల్చాడు. అమరావతి, జగ్గయ్యపేట స్తూపాలు రెండింటి మీద కలిపి ఆయన 1887లో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. తండ్రి పేరు, కొడుకు కట్టిన పట్టణం పేరు ఒకే అట్ట మీదకు ఎక్కాయి. ఇది ఎవరూ తలచి చేసిన పని కాదు.

ఆ దిబ్బ మీది శాసనం మరింత ముచ్చటగా ఉంటుంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, అంటే క్రీస్తు శకం మూడవ శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పి స్తూపం తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడు. అతను రాజు కాడు, జమీందారు కాడు. ఉలి పట్టి బ్రతికే మనిషి. దానం చేస్తూ తల్లి పేరు, భార్య పేరు, కొడుకు పేరు వేయించి, నాగబుధనిక అనే కూతురి పేరు కూడా రాతి మీద చెక్కించాడు. సకల ప్రాణుల మేలు కోరి ఇచ్చిన దానం అది. పుణ్యంలో ఆడపిల్లకూ వాటా ఉందని ఆ తండ్రి అనుకున్నాడు. పదిహేను వందల ఏళ్ల తర్వాత అదే నేల మీద ఒక కొడుకు తండ్రి పేరు నిలబెట్టాడు. నాయుడికి ఈ శాసనం సంగతి తెలిసే అవకాశం లేదు.

వారసులు, వ్యాజ్యాలు

వేంకటాద్రి నాయుడికి కొడుకులు లేరు. జగన్నాథ బాబు, రామనాథ బాబు అని ఇద్దరిని దత్తత చేసుకున్నారు. మొదటి దత్తుడికి తాతగారి పేరు ఛాయ ఉండడం గమనించదగినది. 1802లో కంపెనీ శాశ్వత శిస్తు పద్ధతి పెట్టింది. పంట పండినా పండకపోయినా గడువుకు పేష్కష్ కట్టాలి. తప్పితే జమీ వేలం. నాయుడు బ్రతికినంత కాలం బండి నడిచింది. 1816లో ఆయన కన్నుమూశారు.

ఆ తర్వాతి కథ మన పల్లెల్లో నేటికీ జరిగేదే, కాకపోతే పెద్ద ఎత్తున జరిగింది. ఇద్దరు దత్త పుత్రులు కోర్టుకెక్కారు. రెండో దత్తత చెల్లుతుందా చెల్లదా అన్న వివాదం జిల్లా అదాలతు నుంచి లండను ప్రీవీ కౌన్సిలు దాకా పోయింది. ఏళ్ల తరబడి వకీళ్లు తిన్నారు, గుమాస్తాలు తిన్నారు. రైతు దగ్గర శిస్తు వసూలు ఎవరు చేయాలో తెలియని స్థితి. ఇంతలో 1832-33లో గుంటూరు కరువు వచ్చి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. సత్రాలలో నిత్యాన్నదానం జరిగిందని చెప్పుకొనే సీమలోనే ఎందరో ఆకలితో పడిపోయారు. శిస్తు బకాయిలు కొండలా పెరిగాయి.

1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారిని గుంటూరు జమీల తీరు విచారించమని మద్రాసు ప్రభుత్వం పంపింది. ఆయనే ఖాళీ సమయంలో అమరావతి దిబ్బ తవ్వించి పలకలు మద్రాసుకు చేర్పించాడు. వాటిలో చాలా భాగం తర్వాత లండను బ్రిటిష్ మ్యూజియంకు పోయాయి. 1846లో బకాయిల కింద వాసిరెడ్డి జమీని వేలం వేసి ప్రభుత్వమే కొన్నది. నాయుడు తవ్వించిన రాళ్లు, నాయుడు కూడబెట్టిన ఊళ్లు రెండూ ఒక్క అధికారి రాకతోనే చేయి దాటాయని అనుకుంటే తప్పు లేదు. వంశంలోని మరొక శాఖ వారు మన పక్కనే ముక్త్యాలలో నిలిచారు. ఆ శాఖలో పుట్టిన ముక్త్యాల రాజా గారు తరువాతి కాలంలో నాగార్జునసాగర్ కోసం పాటుపడిన సంగతి ఈ మెట్ట రైతులకు వేరే చెప్పనక్కర లేదు. 1967లో ఎడమ కాలువకు నీరు వదిలారు. అది వేరే కథ.

1859లో గుంటూరు, బందరు జిల్లాలు కలిపి కృష్ణా జిల్లా చేశారు. 1904లో గుంటూరు మళ్లీ విడిపోయింది. 2022 ఏప్రిల్ 4న మన జగ్గయ్యపేట, నందిగామ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. చింతపల్లి, అచ్చంపేట, పాత అమరావతి పల్నాడు జిల్లాకు వెళ్లాయి. తండ్రి పేరున్న ఊరు ఒక జిల్లాలో, తల్లి పేరున్న ఊరు ఇంకొక జిల్లాలో ఉన్నాయి. బేతవోలు అన్న పాత పేరు మాత్రం పెద్దల నోట అప్పుడప్పుడు వినిపిస్తూనే ఉంది.