నీటి అడుగున ఊపిరినిచ్చిన నావికుడు జాక్ ఈవ్ కుస్తో

బిలాస్‌పూర్: సముద్రానికి ఎంతో దూరంలో, అర్పా నది ఒడ్డున ఉన్న రైల్వే పట్టణం బిలాస్‌పూర్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా నివసిస్తున్నాయి. వారికి సముద్రమంటే రాయగడ మీదుగా రైలులో విశాఖపట్నం చేరి, ఒడ్డున నిలబడి చూసి వచ్చే దృశ్యం. ఆ ఇళ్లలోని కొత్త తరం నేడు మాల్దీవుల వంటి ద్వీప దేశానికి వెళ్లి, సముద్రం అడుగుననే కాసేపు గడపాలని అనుకుంటే అది అందని కోరికేమీ కాదు.

అటువంటి స్కూబా డైవింగ్ యాత్రకు సిద్ధమయ్యేవారి చేతికి మొదట వచ్చేది నియమాల పత్రం. ఆరోగ్య వివరాలు దాచకుండా రాసివ్వాలి. శిక్షకుడు వెంట లేనిదే దిగరాదు. నీటిలో ఊపిరి బిగబట్టరాదు. మాల్దీవుల్లో 30 మీటర్ల లోతు దాటరాదు. పగడాన్ని తాకరాదు. చివరి డైవింగ్ తర్వాత దాదాపు ఒక రోజు గడవనిదే విమానం ఎక్కరాదు. రైల్వేలో ప్రతి నిబంధన వెనుక ఎప్పుడో, ఎక్కడో జరిగిన ఒక ప్రమాదం ఉంటుందని బిలాస్‌పూర్ వాసులకు వేరే చెప్పనక్కరలేదు. స్కూబా నియమాలూ అంతే. వాటిలో కొన్ని ఎలా పుట్టాయో తెలుసుకోవాలంటే ఫ్రెంచి నావికాధికారి జాక్ ఈవ్ కుస్తో జీవితాన్ని చూడాలి.

విరిగిన చేతులతో నీటిలోకి

కుస్తో 1910 జూన్ 11న ఫ్రాన్స్‌లో, బోర్డో నగరానికి సమీపంలోని సెయింట్ ఆంద్రే ద క్యూబ్జాక్‌లో జన్మించారు. 1930లో నౌకాదళ విద్యాలయంలో చేరారు. ఆయన ఆశ సముద్రం మీద కాదు, ఆకాశం మీద. నౌకాదళ విమాన చోదకుడు కావాలనుకున్నారు. 1936లో జరిగిన కారు ప్రమాదంలో రెండు చేతులూ విరగడంతో ఆ కల చెదిరిపోయింది.

కోలుకునేందుకు తూలోన్ తీరంలో ఈత మొదలుపెట్టారు. సహోద్యోగి ఫిలిప్ తాయే నీటిలో చూడటానికి ఒక జత కళ్లద్దాలిచ్చారు. వాటిని పెట్టుకుని తల ముంచిన ఆ ఉదయం కుస్తో జీవితం మలుపు తిరిగింది. ఇక మిగిలింది ఒకే సమస్య. చూడటానికి కళ్లద్దాలున్నాయి గాని, అక్కడ నిలిచేందుకు ఊపిరి లేదు.

తొలి ప్రయత్నంగా స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో పనిచేసే పరికరాన్ని వాడారు. ఒత్తిడి పెరిగినకొద్దీ ఆక్సిజనే విషమవుతుంది. నీటిలో రెండుసార్లు మూర్ఛ వచ్చి, త్రుటిలో ప్రాణాలతో బయటపడ్డారు. వినోద యాత్రికుల సిలిండర్లలో నేటికీ ఉత్త ఆక్సిజన్ నింపకపోవడానికి కారణం ఇదే. వాటిలో సాధారణంగా ఉండేది మనం పీల్చే గాలి మాత్రమే.

మార్న్ నదిలో తేలిన లోపం

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీ ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లో పెట్రోలు కరవైంది. వాహనాలను గ్యాస్‌తో నడిపేందుకు ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు, అవసరమైనంత వాయువునే వదిలే ఒక కవాటాన్ని రూపొందించారు. 1942 చివర్లో కుస్తో పారిస్‌లో ఆయనను కలిశారు. ఇంజనుకు గ్యాస్ అందించే కవాటం మనిషికి గాలి ఎందుకు అందించకూడదన్నది వారి ఆలోచన.

1943 ఆరంభంలో మార్న్ నదిలో తొలి పరీక్ష జరిగింది. అడ్డంగా ఈదుతున్నప్పుడు పరికరం చక్కగా పనిచేసింది. నిటారుగా నిలబడితే గాలి వృథాగా పోయింది. తలకిందులైతే పీల్చడమే కష్టమైంది. గాలి లోపలికి వచ్చే చోటు, బయటికి పోయే చోటు వేర్వేరు ఎత్తుల్లో ఉండటమే లోపమని ఇద్దరూ గుర్తించారు. రెండింటినీ ఒకే మట్టానికి తెచ్చారు. అదే ఏడాది జూన్‌లో మధ్యధరా తీరంలోని బాందోల్ వద్ద కుస్తో ఆ పరికరంతో స్వేచ్ఛగా ఈదారు. చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడితో, పీల్చినప్పుడు మాత్రమే గాలినివ్వడం దాని ప్రత్యేకత. ఆక్వాలంగ్ పేరుతో అది మార్కెట్లోకి వచ్చింది. నేటి స్కూబా రెగ్యులేటర్లు ఆ సూత్రం మీదే పనిచేస్తున్నాయి.

పలక మీద చివరి సంతకం

ఆ విజయానికి మూల్యం కూడా ఉంది. యుద్ధానంతరం కుస్తో, తాయే కలిసి నౌకాదళంలో సముద్రగర్భ పరిశోధన బృందాన్ని ఏర్పాటు చేశారు. సంపీడనం చేసిన గాలితో మనిషి ఎంత లోతుకు వెళ్లగలడో తేల్చే ప్రయోగాలు 1947లో జరిగాయి. లోతు పెరిగేకొద్దీ గాలిలోని నైట్రోజన్ మత్తుమందులా పనిచేస్తుంది. భయం పోతుంది, వివేకమూ పోతుంది. బృంద సభ్యుడు మోరిస్ ఫార్గ్ సుమారు 120 మీటర్ల లోతున, తాడుకు కట్టిన పలక మీద తన సంతకం చేశారు. ఆ తర్వాత ఆయన నుంచి సంకేతాలు ఆగిపోయాయి. పైకి లాగేసరికి నోటి నుంచి గాలి గొట్టం జారి ఉంది. ప్రాణం నిలవలేదు.

ఫార్గ్ శిక్షణ లేని యాత్రికుడు కాదు, ఆరితేరిన నావికుడు. మరికాస్త లోతుకు వెళదామన్న సరదా ఎంత ప్రమాదకరమో ఆ మరణం చెబుతుంది. మాల్దీవుల ప్రభుత్వం విధించిన 30 మీటర్ల హద్దును ఆ దృష్టితో చూడాలి.

కాలిప్సో ప్రయాణాలు

1950లో బ్రిటన్ ధనికుడు లోయెల్ గిన్నెస్ ఒక పాత మైన్లు తొలగించే నౌకను కొని, ఏడాదికి ఒక ఫ్రాంకు నామమాత్రపు అద్దెకు కుస్తోకు ఇచ్చారు. అదే కాలిప్సో. ఆ నౌకపై ఎర్ర సముద్రంలో, హిందూ మహాసముద్రంలో తిరిగి, లూయీ మాల్‌తో కలిసి తీసిన నిశ్శబ్ద ప్రపంచం చిత్రం 1956లో కాన్ ఉత్సవంలో అత్యున్నత పురస్కారాన్ని గెలిచింది. ఆస్కార్ కూడా పొందింది.

ఆ చిత్రంలోనే నేటి ప్రేక్షకుడు తలదించుకునే దృశ్యాలున్నాయి. చేపల లెక్క కోసం బృందం పగడపు దిబ్బను డైనమైట్‌తో పేల్చింది. నౌక మర తగిలి గాయపడిన తిమింగలం పిల్లను తినవచ్చిన సొరచేపలను సిబ్బంది పైకి లాగి చంపారు. సముద్రాన్ని ప్రేమించిన మనిషికి అప్పటికి అందులో తప్పు కనిపించలేదు. సముద్రం తరగనిదన్నది ఆనాటి నమ్మకం.

మార్పు క్రమంగా వచ్చింది. 1960లో మధ్యధరాలో అణు వ్యర్థాలను పడవేసే ప్రతిపాదనను ఆయన వ్యతిరేకించారు. ప్రజా నిరసనతో అది ఆగింది. 1962 నుంచి 1965 వరకు సముద్రం అడుగున ఇళ్లు కట్టి మనుషులను ఉంచిన ప్రయోగాలకు మాత్రం చమురు రంగం డబ్బు కూడా తోడైంది. తర్వాత ఆ బాట విడిచి టెలివిజన్ చిత్రాలవైపు మళ్లారు. ఒకప్పుడు చూసిన దిబ్బలకే మళ్లీ వెళ్లినప్పుడు అవి క్షీణించి కనిపించాయి. 1973లో కుస్తో సొసైటీని స్థాపించారు. 1979లో చిన్న కుమారుడు ఫిలిప్ విమాన ప్రమాదంలో మరణించినా పని ఆపలేదు. అండమాన్ దీవులపైనా ఆయన బృందం చిత్రం తీసింది. అంటార్కిటికాలో గనుల తవ్వకానికి వ్యతిరేకంగా లక్షల సంతకాలు సేకరించారు. 1991లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఆ తవ్వకాన్ని నిషేధించింది. 1996లో సింగపూర్‌లో కాలిప్సో మునిగింది. 1997 జూన్ 25న కుస్తో పారిస్‌లో కన్నుమూశారు. పుట్టిన ఊరిలోనే ఆయన సమాధి ఉంది.

యాత్రికుడి వంతు

మాల్దీవుల్లో తొలి విడిది 1972లో ప్రారంభమైంది. 1998లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు పెద్దఎత్తున పాలిపోయాయి. 2010లో ఆ దేశం సొరచేపల వేటను నిషేధించింది. వాటిని చూసేందుకే యాత్రికులు ఖండాలు దాటి వస్తున్నారు. 1956 నాటి చిత్రంలో నరికివేతకు గురైన జీవే ఇప్పుడు ఆ దీవులకు జీవనాధారాల్లో ఒకటి.

బిలాస్‌పూర్ నుంచి బయలుదేరేవారికి సాధారణంగా డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు అనువైన కాలం. ఆస్తమా, గుండె, చెవి సమస్యలుంటే వైద్యుని సలహా ముందే తీసుకోవాలి. తిరుగు విమానానికి ముందు ఒక రోజు నేల మీదే గడిపేలా టికెట్ తీసుకోవాలి. తొలిసారి దిగేవారు మాల్దీవులకు ఖర్చు పెట్టేముందు విశాఖలోని రుషికొండలో ఒకసారి ప్రయత్నించి చూడవచ్చు. చెవులు ఒత్తిడిని తట్టుకుంటాయో లేదో, మనసు భయపడుతుందో లేదో అక్కడే తెలుస్తుంది. అందుకు కావలసింది రాయగడ మీదుగా వెళ్లే ఆ పాత రైలు ప్రయాణమే.