తోలుపని ఇంట పుట్టిన తత్వవేత్త – ఇమాన్యుయెల్ కాంట్

నీతి అంటే ఏమిటి? పెద్దలు చెప్పినట్టు నడుచుకోవడమా? నలుగురూ మెచ్చుకునేలా ఉండడమా? శిక్షకు భయపడి తప్పు చేయకుండా ఉండడమా? ఇవేవీ కావని చెప్పి, నీతికి మూలం మనిషి బుద్ధిలోనే ఉందని చూపించిన మహానుభావుడు ఇమాన్యుయెల్ కాంట్. సివిల్స్ రాసే మన అన్నలకు, అక్కలకు ఎథిక్స్ పేపరులో ఈయన పేరు తగిలే ఉంటుంది. ఆయన జీవితం మాత్రం చాలామందికి తెలియదు. హాస్టల్లో ఉండి చదువుకునే మనందరం తెలుసుకోదగిన జీవితం అది.

బాల్యం, చదువు

కాంట్ 1724 ఏప్రిల్ 22న ప్రష్యా రాజ్యంలోని కోనిగ్స్‌బర్గ్ పట్టణంలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ఊరు రష్యాలో కలిసింది. ఇప్పుడు దాన్ని కాలినిన్‌గ్రాడ్ అంటారు. తండ్రి గుర్రాలకు కట్టే తోలు పట్టీలు, పగ్గాలు తయారుచేసేవాడు. తల్లి అన్నా రెజీనా దైవభక్తురాలు. ఒకసారి పట్టీలు చేసేవారికీ జీనులు చేసేవారికీ పని హక్కుల మీద తగాదా వచ్చింది. తండ్రికి చాలా నష్టం జరిగింది. అయినా ఆ ఇంట్లో ఎదుటివారిని ఎవరూ తిట్టలేదు. ముసలితనంలో కూడా కాంట్ ఈ సంగతి గొప్పగా తలచుకునేవాడు. నీతిలో ఆయనకు మొదటి పాఠం ఇదే.

ఆ కుటుంబానికి తెలిసిన షుల్జ్ అనే మతగురువు పిల్లవాడి తెలివిని గుర్తించాడు. ఆయన చొరవతో కాంట్ 8 ఏళ్ళ వయసులో మంచి బడిలో చేరాడు. 13వ ఏట తల్లి చనిపోయింది. 16వ ఏట విశ్వవిద్యాలయంలో చేరాడు. 1746లో తండ్రి కూడా పోవడంతో చదువు మధ్యలోనే ఆగింది. కొన్నేళ్ళు కలిగినవారి ఇళ్ళలో ఉండి వారి పిల్లలకు చదువు చెప్పాడు. మళ్ళీ ఊరికి వచ్చి 1755లో పట్టా తీసుకున్నాడు.

అప్పటినుంచి 15 ఏళ్ళు జీతం లేని అధ్యాపకుడే. పాఠం వినడానికి వచ్చినవారు ఇచ్చే ఫీజే ఆదాయం. 1766లో లైబ్రరీలో ఒక చిన్న ఉద్యోగం దొరికింది. కోటు అరిగిపోతే మిత్రులు కొత్తది కొనిస్తామన్నారట, ఆయన వద్దన్నాడట. ఎవరికీ అప్పు లేదు కాబట్టి తలుపు ఎవరు తట్టినా నిశ్చింతగా తీయగలిగానని చెప్పుకునేవాడు. చివరకు 1770లో, 46వ ఏట ప్రొఫెసర్ అయ్యాడు.

మనసు మార్చిన పుస్తకాలు

చదువు బాగా వంటబట్టాక కాంట్‌కు ఒక జబ్బు పట్టుకుంది. చదువురాని సామాన్యులంటే చులకన. ఈ జబ్బు మనలో కూడా కొందరికి ఉంది. పట్నం చదువు రాగానే వేలిముద్ర వేసే అమ్మానాన్నలను స్నేహితులకు చూపించడానికి వెనకాడతాం. కాంట్‌కు ఆ జబ్బును కుదిర్చినవి ఫ్రెంచి రచయిత రూసో పుస్తకాలు. మనిషిని గౌరవించడం రూసో దగ్గరే నేర్చుకున్నానని ఆయన తన నోట్సులో రాసుకున్నాడు.

1785లో రాసిన నీతిశాస్త్ర గ్రంథంలో ఈ మార్పు కనిపిస్తుంది. మంచిగా, నిజాయితీగా బతకడానికి పాండిత్యం అక్కరలేదని, ఏది న్యాయమో కూలివాడికి కూడా తెలుసని ఆయన వాదించాడు. 1788లో ఇదే విషయం మీద ఇంకో గ్రంథం రాశాడు.

ఆయన చెప్పిన పరీక్ష

ఏ పని చేసేటప్పుడైనా మనసులో ఒక నియమం పెట్టుకునే చేస్తాం. అదే నియమాన్ని లోకంలో అందరూ పాటిస్తే ఏమవుతుందో ఆలోచించమంటాడు కాంట్. ఆయన ఇచ్చిన ఉదాహరణ అప్పు. తీర్చలేనని తెలిసి కూడా తీరుస్తానని మాటిచ్చి డబ్బు తీసుకోవచ్చా? అందరూ అలాగే చేస్తే ఎవరి మాటా ఎవరూ నమ్మరు, అప్పు అనేదే పుట్టదు. అంటే మోసగాడు మిగతావారి నిజాయితీని వాడుకుంటున్నాడన్నమాట. పరీక్షలో కాపీ కొట్టడం కూడా అంతే. అందరూ కొడితే మార్కులకు విలువే ఉండదు.

రెండో ఉదాహరణ దుకాణదారు. చిన్న పిల్లవాడు వచ్చినా అదే ధర తీసుకుంటాడు. కానీ బేరాలు పోతాయన్న భయంతో అలా చేస్తే అది లెక్క మాత్రమే. అది ధర్మం కాబట్టి చేస్తేనే నీతి.

అన్నిటికన్నా పెద్ద మాట ఇంకొకటి ఉంది. వస్తువుకు వెల ఉంటుంది, ఒకటి పోతే ఇంకొకటి తెచ్చుకోవచ్చు. మనిషికి వెల లేదు, గౌరవం ఉంది. కాబట్టి ఎవరినీ కేవలం మన అవసరానికి పనిముట్టుగా వాడుకోకూడదు. మనల్ని మనం కూడా అలా చూసుకోకూడదు.

లోపాలు

కాంట్‌ను దేవుడిని చేయనవసరం లేదు. 1764లో అచ్చయిన పుస్తకంలో నల్లజాతివారిని హీనంగా రాశాడు. జాతుల్లో ఎక్కువ తక్కువలు ఉన్నాయని పాఠాల్లో చెప్పాడు. ఇళ్ళలో పనిచేసేవారికి, స్త్రీలకు ఓటు హక్కు ఉండదన్నాడు. తోలుపని చేసేవాడి కొడుకే ఇలా రాశాడంటే బాధ కలుగుతుంది. అయితే 1795లో రాసిన శాంతి గ్రంథంలో, వ్యాపారం పేరుతో హిందూస్థాన్‌లోకి సైన్యాలను దించి ప్రజలను అణచినందుకు ఐరోపావారిని గట్టిగా ఖండించాడు. ఆయన తప్పులను తప్పులని చెప్పడానికి మనకు వేరే కొలబద్ద అక్కరలేదు, మనిషికి వెల లేదన్న ఆయన మాటే చాలు. ఆ మాట తెల్లవారికి మాత్రమే వర్తిస్తుందంటే ఆయన పెట్టిన పరీక్షలో ఆయనే తప్పినట్టు.

చివరి రోజులు

వృద్ధాప్యంలో జ్ఞాపకశక్తి, చూపు తగ్గిపోయాయి. చనిపోవడానికి తొమ్మిది రోజుల ముందు డాక్టరు చూడటానికి వచ్చాడు. నిలబడే ఓపిక లేకపోయినా కాంట్ లేచి నిలబడ్డాడు. డాక్టరు కూర్చునేదాకా తను కూర్చోలేదు. సాటి మనిషి పట్ల మర్యాద తనను ఇంకా విడిచిపోలేదని సంతోషించాడు. 1804 ఫిబ్రవరి 12న కన్నుమూశాడు. ఆ ఊరి జనం పెద్ద సంఖ్యలో ఆయన్ను సాగనంపారు.

మిత్రులారా! మన రాజ్యాంగ పీఠిక వ్యక్తి గౌరవానికి హామీ ఇచ్చింది. కానీ దాన్ని ఇవ్వవలసింది రోజూ ఎదురుపడే మనుషులే. మన మెస్సులో వంట చేసే అక్కకు, గదులు ఊడ్చే అన్నకు, కింది తరగతి తమ్ముడికి మనం ఆ గౌరవం ఇస్తున్నామా? రేపు ఉద్యోగాల్లో మన బల్ల ముందుకు వచ్చే నిరక్షరాస్యుడికి ఇస్తామా? కాంట్ చదువు మనకు పనికొచ్చిందా లేదా అన్నది అక్కడే తేలుతుంది.